సోఫా రోగి అవునా, కాదా?

ఆలస్యం అమృతం విషం అన్నవాళ్లు అభిశంసన విచారణ చూసి ఉండరు. చూసి ఉంటే ఆలస్యమే అమృతమని దిద్ది రాసేవారు. దేశాధ్యక్షుడి మీద వచ్చిన ఆరోపణలకు చట్టం దృష్టిలో బరువుందా లేదా అని పదహారు నెలలు తూచిన ముగ్గురు పెద్దలకు మనమంతా చేతులెత్తి మొక్కాలి! నేనైతే పొద్దున్నే పేపరు తెరవగానే మొక్కుతున్నాను.

తప్పు చేశాడో లేదో తేల్చడానికి పదహారు నెలలెందుకని మీరు అడగొచ్చు. అక్కడే తెలిసిపోతోంది మీరు లా చదవలేదని! చేశాడా లేదా అన్నది చిల్లర ప్రశ్న. చేసింది తప్పే అయినా, అది చట్టంలో రాసిన తప్పేనా అన్నది అసలు ప్రశ్న.

ఈ వ్యవహారం మా బావతోనే మొదలైంది కాబట్టి నాకు లోపలి సంగతులు తెలుసు. మా అక్క భర్త అధ్యక్షుడి కాన్వాయ్‌లో చివరన వెళ్లే అంబులెన్స్‌కి డ్రైవరు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. మచ్చ లేకుండా రిటైరై, బండి తాళాలు తన చేత్తో అప్పజెప్పి ఇంటికి రావాలి. ఆయన కోరిక ఇంతే. ఇంతకన్నా పెద్ద కోరికలు కోరే తెలివే ఉంటే ఆయన కూడా ఎన్నికల్లో నిలబడేవాడు.

ఈయనకో చాదస్తం ఉంది. ట్రిప్ బుక్కు నింపకుండా బండి కదల్చడు. రోగి పేరు, జబ్బు, ఎక్కినప్పటి పరిస్థితి, చివర రోగి బంధువు సంతకం. ఈ నాలుగు గడులూ నిండితేనే తాళం తిప్పుతాడు.

వరద వచ్చిన రోజున ఊళ్లో మోకాలి లోతు నీళ్లు. అధ్యక్షుడిగారి భార్య ఇష్టపడి చేయించుకున్న కొత్త సోఫా గోడౌన్‌లో తడిసిపోయేలా ఉంది. ఎత్తుగా ఉన్న బండి, ఆ రోజు వరద సాయానికి ఊళ్లోకి వదిలిన మా బావ అంబులెన్స్ ఒక్కటే. అధ్యక్షుడు స్వయంగా దిగి, దగ్గరుండి సోఫాను ఎక్కించాడు. మా బావ వినయంగా ట్రిప్ బుక్కు ముందుకు చాపాడు. "సార్, ఇక్కడ ఒక్క సంతకం."

కంగారులో ఆయన పెట్టేశాడు. ఆ పేజీ ఇప్పుడు చరిత్ర. రోగి పేరు: సోఫా. జబ్బు: ఏమీ లేదు. పరిస్థితి: కొత్తది. రోగి బంధువు: దేశాధ్యక్షుడు.

అదే గంటలో, రెండు వీధుల అవతల ఒక దర్జీ మిషను మీదే పడిపోయాడు. ఆయన భార్య ఫోన్ చేస్తే, దగ్గర్లో ఉన్న అంబులెన్స్ వేరే రోగిని తీసుకెళ్తోందని చెప్పారు. ఎవరో కూరగాయల తోపుడు బండి మీద ఆసుపత్రికి చేర్చారు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి పడిపోయింది. ఇక కత్తెర పట్టలేడు.

ట్రిప్ బుక్కు ప్రతిపక్షం చేతికి చిక్కింది. వరద వేళ అంబులెన్స్‌ను సొంతానికి వాడుకున్నాడని అభిశంసన తీర్మానం వచ్చింది. ఆరోపణల్లో పస ఉందో లేదో చూడమని ఒక రిటైర్డ్ జడ్జిని, ఒక లా ప్రొఫెసర్ని, ఒక సీనియర్ లాయర్ని కమిటీగా వేశారు. ఆ ముగ్గురి మేధస్సు గురించి ఏమని చెప్పను!

మొదటి నాలుగు నెలలు వరద మీదే గడిచాయి. వరద వచ్చిందని ప్రకటించాల్సింది అధ్యక్షుడు. ఆ సమయానికి ఆయన సోఫా దగ్గరున్నాడు. ప్రకటన మీద సంతకం కాలేదు. కాబట్టి చట్టప్రకారం అప్పటికి వరద లేదు. మరి మోకాళ్ల దాకా వచ్చిందేమిటి? ఉత్త నీళ్లు!

తర్వాత సంతకం సంగతి. ఆయన రోగి బంధువుగా సంతకం పెట్టాడు గానీ అధ్యక్షుడి హోదాలో పెట్టలేదు కదా? బంధువును అభిశంసించే అధికారం సభకు ఎక్కడిది? దీనికి ఐదు నెలలు. దర్జీ సంగతికి మాత్రం ఒక్క పూట చాలింది. తోపుడు బండి దొరికింది గనుక ఆయనకు ప్రయాణ సౌకర్యం అందినట్టేనని తేల్చారు.

ఇక మిగిలింది అతి జటిలమైన ప్రశ్న. సోఫా రోగి అవునా, కాదా? రోగి అయితే అంబులెన్స్ దుర్వినియోగం కానట్టే. సాక్షిగా మా బావను పిలిచారు.

"రోగి పేరు దగ్గర సోఫా అని ఎందుకు రాశావయ్యా?" అని లాయరు అడిగాడు.

"సోఫానే ఎక్కిందండి."

"జబ్బు ఏమీ లేదని ఎలా చెప్పగలవు? నువ్వు డాక్టరువా?"

కమిటీ వారు ఆ పాయింటు గబగబా రాసుకున్నారు.

ఇంటికొచ్చాక మా అక్క ఊరుకుంటుందా? "ఏమండీ, సోఫా అని కాకుండా ఎవరో ఒక ముసలాయన పేరు రాసుంటే మీ సొమ్మేం పోయేది?"

"ముసలాయన ఎక్కలేదు కదే," అన్నాడు బావ.

పదహారు నెలలు నిండాక నివేదిక వచ్చింది, ఎనిమిది వందల పేజీలు! జబ్బు లేదని వైద్యులెవరూ ధ్రువీకరించలేదు కనుక, సోఫా రోగి కాదని నిశ్చయంగా చెప్పలేమన్నారు. సందేహం ఉన్నచోట లాభం అధ్యక్షుడికే దక్కాలన్నారు. న్యాయం అంటే అదీ! తొందరపడి ఎవరినో దోషి అనేస్తే రేపు దేశం ఏమైపోతుంది?

ఆ మరుసటి వారమే మా బావకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అభినందిస్తారేమో అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకెళ్లాడు. అక్కడ ముగ్గురు పెద్దల్లేరు, లాయరు లేడు. ఒకే ఒక్క ఆఫీసరు ఉన్నాడు.

"సోఫా రోగి కాదు," అన్నాడు ఆఫీసరు. "కానిదాన్ని రోగి గడిలో రాశావు. ప్రభుత్వ రికార్డులో తప్పుడు సమాచారం రాసినందుకు నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నాం."

"అది తేలలేదని కమిటీ వారు రాశారు కదండీ?"

"అది అధ్యక్షుడిగారి విషయంలో."

మొత్తం పదకొండు నిమిషాలు. లోపలికి వెళ్లిన టైమూ బయటికొచ్చిన టైమూ అలవాటు కొద్దీ రాసుకున్నాడు కాబట్టి చెబుతున్నాను. తాళాలు ఆయన చేత్తో ఇవ్వనివ్వలేదు. గేటు దగ్గరే లాక్కున్నారు. రిటైర్మెంటుకు ఇంకా ఐదు నెలలుంది.

పాఠకులారా, ఇంతసేపూ నవ్వుతూ రాశాను గానీ, ఆ సాయంత్రం బావ మొహం చూశాక నాకు ఒళ్లు మండిపోయింది. "పద బావా, కోర్టుకెళ్దాం. న్యాయం అడుగుదాం," అన్నాను.

బావ నెమ్మదిగా అన్నాడు.

"న్యాయం మాట దేవుడెరుగు. అధ్యక్షుడిగారికిచ్చారే ఆలస్యం, అది నాకూ ఇమ్మని అడగరా. పదహారు నెలలు అక్కర్లేదు. ఐదు చాలు."