పాతాళంలో డబ్బీ

మగవాడికి ఇంట్లో ఒక గది ఉండాలండీ. పెద్దదేం అక్కర్లేదు. పిలిస్తే వినిపించనిదైతే చాలు.

నాకుంది. మెట్లు దిగి వెళ్తే సగం నేలలోకి కూరుకుపోయినట్టుంటుంది. మా ఆవిడ దానికి పాతాళం అని పేరు పెట్టింది. ఉన్న ఒక్క కిటికీ వంటింటి వెనక గుమ్మం పక్కకే తెరుచుకుంటుంది. అందుకని ఇల్లు కొన్న కొత్తలోనే దానికి మేకులు దిగ్గొట్టేసి, "దుమ్మొస్తోంది" అన్నాను. ఆఫీసు పనంతా అక్కడే చేస్తాను. అంటే, పడక్కుర్చీలో.

అలాంటి గదిలోకి మా అమ్మాయి ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బీ పట్టుకొచ్చింది. చదివేది తొమ్మిదో తరగతి. కళ్లు తెరిచింది మొదలు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో దాని పేరు ప్రశ్నావళి.

"రేడాన్ కొలుస్తున్నాం నాన్నా. మట్టిలో, రాళ్లలో రేడియోధార్మికత కొంచెం సహజంగానే ఉంటుంది కదా, దాన్నుంచి పుట్టే గ్యాసు. రంగుండదు, వాసనుండదు. నేల పగుళ్లలోంచి పైకొచ్చి గాలాడని గదిలో పోగుపడుతుంది. ఎక్కువైతే ఊపిరితిత్తులకి ప్రమాదం. ఇంకొన్ని దేశాల పిల్లలూ మా స్కూలు వాళ్లమూ కలిసి ఎవరిళ్లు వాళ్లం కొలుస్తున్నాం. మూడు నెలలపాటు దీన్నెవరూ కదపకూడదు."

"ఎక్కువని తేలితే?" అన్నాను.

"పాతాళానికి తాళం" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

నేను ఇన్సూరెన్స్ సర్వేయర్ని. ఊళ్లోవాళ్ల ఇళ్లలో పగుళ్లు వెతకడమే నా ఉద్యోగం. నా పడక్కుర్చీ కింద చాప ఉంది. ఆ చాప కింద ఏముందో నాకు బాగా తెలుసు.

మర్నాడే డబ్బీని తీసుకెళ్లి మేడమీద బాల్కనీలో పూలకుండీ వెనక పెట్టాను. అక్కడ గాలికి ఆరేసిన బట్టలే నిలవవు, ఇక గ్యాసేం నిలుస్తుంది?

మామూలు రోజుల్లో పాతాళంలోకి నేను తప్ప ఎవరూ దిగరు కాబట్టి అంతా బాగానే ఉంది కానీ, ప్రతి ఆదివారం డబ్బీ ఫోటో తీసి మిగతా దేశాల పిల్లలకి పంపాలట. దాంతో ఆదివారం పూట అందరికన్నా ముందు లేచి, డబ్బీని కిందకి దించి, ఫోటో అయ్యాక మళ్లీ పైకి చేర్చడం నా పనైంది. ఒకసారి మెట్ల మీద ప్రశ్నావళి ఎదురైంది.

"జేబులో ఏంటి నాన్నా?"

"మాత్రల డబ్బీ."

"ఏం మాత్రలు?"

"మోకాళ్లకి."

ఆ ముక్క మా ఆవిడ చెవిన పడింది. సాయంత్రానికల్లా నన్ను ఎముకల డాక్టరు ముందు కూర్చోబెట్టింది. ఆయన మోకాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, రోజూ మెట్లెక్కి దిగమన్నాడు.

"ఆదివారాలు ఎలాగూ ఎక్కుతున్నారుగా" అంది మా ఆవిడ. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఫలితాలొచ్చిన రోజు పిల్లలంతా వీడియోలో కలిశారు. మా హాల్లో తెర నిండా తలకాయలే. మా అమ్మాయి వంతు వచ్చింది.

"మా కింది గదిలో రెండు డబ్బీలు పెట్టాం. ఒకటి బల్ల మీద, ఒకటి బీరువా మీద..."

రెండా?

"బల్ల మీది దాంట్లో దాదాపు ఏమీ లేదు. బీరువా మీది దాంట్లో చాలా ఎక్కువ. ఒకే గదిలో ఇంత తేడా రాకూడదు. ఎక్కడో నేనే తప్పు చేసుంటాను. మా ఇంటి కొలతలు తీసేయండి. సారీ." అన్ని ప్రశ్నలడిగే పిల్ల తల దించుకుని కూర్చుంది.

అది చూసి తట్టుకోలేకపోయాను. కెమెరా ముందుకెళ్లి, వచ్చీరాని ఇంగ్లీషులో, పూలకుండీతో సహా మొత్తం చెప్పేశాను. ఏదో మంచు దేశం పిల్ల పకపకా నవ్వి, వాళ్ల తాతయ్య రోజూ దొంగతనంగా కిటికీ తెరిచేవాడంది. అయితే రెండో డబ్బీ కొలత సరైనదే, దాన్నే ఉంచుదామన్నారు పిల్లలు.

మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఎందుకు నాన్నా?"

"గది పోతుందని."

"నువ్వు ఎప్పుడూ ఉండేది అక్కడే కదా. అందుకే ఇంట్లో అన్ని గదులూ వదిలేసి అది ఎంచుకున్నాను."

దాన్ని దగ్గరికి తీసుకున్నాను. నా ఊపిరి గురించి అది బెంగపడుతుంటే, నేను పడక్కుర్చీ గురించి బెంగపడ్డాను.

కాసేపయ్యాక అడిగాను, "రెండోది పెట్టమని మీ టీచరు చెప్పారా?"

"కొన్ని ఇళ్లలో జంటగా పెట్టమన్నారు. మనింట్లో పెడదామంది అమ్మే."

మా ఆవిడ వైపు చూశాను.

"సైన్సు సంగతి నాకు తెలీదండీ" అంది. "మీ సంగతి తెలుసు."

గదికి తాళం పడలేదు. పగుళ్లు పూడ్పించాం, కిటికీ మేకులు పీకించాం. గాలి మారాలి కాబట్టి కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండాలని మా అమ్మాయి ఆర్డరు. నిన్న పడక్కుర్చీలో కళ్లు మూసుకున్నానో లేదో, ఆ కిటికీలోంచి ఒక గిన్నె దిగింది. నిండా బఠాణీ కాయలు.

"ఏమండీ, గాలి ఆడుతోందా?"

"బాగా ఆడుతోంది."

"అయితే కాస్త చేతులు కూడా ఆడించండి."

వలిచాను. బల్ల మీద మళ్లీ కొత్త డబ్బీ పెట్టారు. రెండోది ఎక్కడ పెట్టారో మాత్రం ఈసారి నాకు చెప్పలేదు.