గోరంత ముక్కలు

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఆ ఆదివారం పొద్దున్నే ఒక నిర్ణయానికి వచ్చారు. భార్య సగంలో వదిలి వెళ్ళిన ముక్కల బొంతలో ఒక్క గడి కుట్టి, ఫొటో తీసి ఆమెకు పంపాలి. భోజనం వేళకి అయిపోతుందని అంచనా.

కాలు విరిగిన అక్కకి సాయంగా ఆమె పక్క ఊరు వెళ్ళి రెండు నెలలైంది. రోజూ ఫోన్ చేసి, "గ్యాస్ కట్టేశారా?" అంటుంది. "కట్టేశాను" అంటారాయన. ఇంకేదో మాట గొంతు దాకా వస్తుంది కాని, బయటికొచ్చేసరికి "పాలవాడు వచ్చి వెళ్ళాడు" అయిపోతుంది. ఆమె కుట్టుమిషన్ చప్పుడు లేక ఆయనకి మధ్యాహ్నం కునుకే పట్టడం లేదు. నోటితో చెప్పలేనిది గుడ్డతో చెబుదామనుకున్నారు.

ఒక్కో ముక్క బొటనవేలి గోరంత. మొదటిదాన్ని సూది కింద పెట్టి తొక్కగానే మిషన్ గుటుక్కున మింగేసింది. లాగితే పోగులొచ్చాయి. రెండోదీ అంతే. మూడోదాన్ని వేలితో గట్టిగా అదిమిపట్టుకున్నారు. ఈసారి సూది వేలిని పట్టుకుంది.

ఆ కేకకి పక్కింటావిడ కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యగారూ, ఆ నెత్తురేమిటి?"

"ఏం లేదమ్మా. అంతా ముక్కలైపోయింది. ఎంత అతుకుదామన్నా అతకడం లేదు."

"అయ్యయ్యో! ఏం ముక్కలైంది?"

"ఇప్పుడు చెప్పలేను. మీ వదినకి మాత్రం చెప్పకండి" అని కిటికీ మూసేశారు.

చెప్పొద్దన్న మాట ఆవిడ నోట్లో మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు.

లోపల మాస్టారు ఫోన్‌లో ఒక వీడియో చూశారు. చిన్న ముక్కలకి ముందు గంజి పట్టిస్తే అట్టల్లా నిలబడతాయట. మోచేతుల దాకా గంజితో ఉండగా ఫోన్ మోగింది. భార్య. ఆత్రంగా తీయబోతే, అది జారి గంజిగిన్నెలో మునిగింది.

ఆరి గట్టిపడ్డ ముక్కలన్నీ అతికి గడి పూర్తిచేసేసరికి తలుపు దబదబ మోగింది. తనను ఈ అవతారంలో ఎవరూ చూడకూడదని ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆ నిశ్శబ్దానికి బయటివాళ్ళ గుండెలు జారిపోయాయి. వీధి వీధంతా పోగైంది. ఎవరో వడ్రంగిని పిలుచుకొచ్చారు.

పక్కింటావిడ కబురు విని, ఫోన్ కలవక పరుగున బయల్దేరిన భార్య ఆటో దిగి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తలుపు ఊడి వడ్రంగి చేతుల్లో ఉంది. లోపల మాస్టారు నిక్షేపంగా నిలబడి ఉన్నారు. చెంపకి నీలం ముక్క అంటుకుంది, జుట్టు గంజికి నిక్కబొడుచుకుంది. జనం కాస్త నిరుత్సాహంగానే వెళ్ళిపోయారు.

ఆమె గడి చేతిలోకి తీసుకుంది. అరచేయంత రావలసింది అగ్గిపెట్టెంత వచ్చింది. తిడుతుందేమోనని ఆయన తల వంచుకున్నారు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ప్రతి అతుకులోనూ పిసరు ఎక్కువ లోపలికి పట్టారు. అన్నీ కలిసి ఇంతయ్యాయి. ఇటు చూడండి. ముందు పనికిరాని పీలిక మీద కుట్టు మొదలెట్టి, ఆపకుండా దాని వెనకే ముక్కని పంపాలి. అప్పుడు మిషన్ మింగదు. కుట్టు దగ్గర దగ్గరగా పడాలి. సూదిని చూడకండి, గుడ్డ అంచు చూడండి. తర్వాత ఇస్త్రీపెట్టెతో అదమాలి గాని, రుద్దితే సాగిపోతుంది."

ఆయన అంచు చూడలేదు. ఆమె చేతుల్నే చూశారు. "ఇంకెన్నాళ్ళు?" అన్నారు.

ఆమెకు సూదిలో దారం ఎంతకీ ఎక్కలేదు. "అక్క నడిచేదాకా. సాయంత్రం బస్సుకి వెళ్ళాలి. ఈ మిషన్ తీసుకెళ్తాను, అక్కడ తోచక చస్తున్నాను."

మిషన్ కూడా పోతోందన్నమాట. ఆయన దాన్ని భుజాన వేసుకుని బస్సు దాకా మోశారు, ఎక్కించారు, దిగబోయారు.

"ఎక్కడికి?" అంది ఆమె.

"ఇంటికి."

"తలుపు లేని ఇంట్లో ఏం చేస్తారు? వడ్రంగి బిగించేదాకా పక్కింటావిడ చూసుకుంటుంది. మీ స్కూలుకి అక్కణ్ణుంచి గంట ప్రయాణమే."

ఆయన మెట్టు మీదే ఆగిపోయారు. "ఈ మాట రెండు నెలల కిందటే అనొచ్చుగా?"

"మీరు వస్తానంటారేమోనని చూశాను. రోజూ పాలవాడి కబురే చెప్పారు."

బస్సు కదిలింది. ఖాళీగా ఉన్న ఒక్క సీటులో, ఆమె పక్కన, మిషన్ కూర్చుంది. మాస్టారు గంటసేపూ హాయిగా నిలబడి వెళ్ళారు.