మోడల్లో ఖాళీగా ఉన్న గదులు

ఊరంటే జనం ఉంటున్న చోటు కాదు, ఉండాల్సిన చోటు. ఈ సత్యాన్ని మా నగర ప్రణాళికా విభాగం కంప్యూటర్లో నిరూపించింది. ఎవరు ఏ వీధిలో ఉండాలో, ఎవరికి ఎన్ని గదులు చాలో చెప్పే మోడల్ అది. నిపుణులు ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేశారు. (ఊరు మాత్రం ఎవరినీ అడక్కుండా దానంతటదే పెరిగింది. ఆ తేడా చూడగానే తెలుస్తుంది.)

మా బావగారి కొడుక్కి ఈమధ్యే పెళ్లయింది. హాల్లో బీరువా అడ్డంగా జరిపి, దాని వెనక మూలని కొత్త దంపతులకిచ్చారు. ఇంటిల్లిపాది బట్టలూ ఆ బీరువాలోనే కాబట్టి, ఎవరికి చొక్కా కావాలన్నా ముందు గట్టిగా దగ్గాలి. కోడలు కొన్నాళ్లు ఓపిక పట్టి, వేరే గది అమరేదాకా పుట్టింట్లో ఉంటానని మెల్లగా చెప్పింది. ఆమెని కాస్త ఆగమని, మేడ మీద గదికి అనుమతి కోసం బావగారు నన్ను వెంటేసుకుని ఆఫీసుకి పరిగెత్తారు.

గదుల సమతుల్యతా అధికారిణి చాలా మర్యాదస్తురాలు. తెర మీద మా వీధిని చూపించింది. బావగారింట్లో ఉండేది ముగ్గురేనట, రెండు గదులు ఖాళీగా ఉన్నాయట.

"తొమ్మిది మందిమండీ," అన్నారు బావగారు.

"సర్వేలో మీరే ముగ్గురన్నారు కదండీ."

నిజమే. సర్వే వాళ్లొచ్చిన రోజు, నీటిపన్ను పెంచుతారన్న భయంతో వీధి వీధంతా మనుషుల్ని దాచేసింది. మా అక్క అత్తగారిని వంటింట్లో కూర్చోబెట్టి తలుపేసింది, పిల్లల్ని మేడెక్కించింది. ఎదురింటాయనైతే ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదని గుమ్మంలో నిలబడి స్వయంగా చెప్పాడు. (మోడల్లో ఆయనిల్లు ఇప్పుడు పార్కు.)

బావగారు తప్పు ఒప్పుకుని, అంకె మార్చమని బతిమాలారు. అధికారిణి జాలిపడింది. మోడల్‌కీ ఊరికీ తేడా వస్తే ఊరినే దిద్దాలని నిబంధనట. పైగా ఖాళీ గదులున్న ఇంటి మీద కొత్త గది వేయనివ్వరు, ఉన్నవాటిని ఇల్లు లేని దంపతులకు కేటాయిస్తారు.

బావగారి బుర్ర చురుగ్గా పనిచేసింది. "ఇల్లు లేని దంపతులు మా ఇంట్లోనే ఉన్నారండీ. మావాడూ, కోడలూనూ."

ఇంత తేలికైన కేసు తన సర్వీసులో చూడలేదని అధికారిణి సంబరపడింది. వారం తిరక్కుండా టేపులు పట్టుకుని కొలతల వాళ్లు దిగారు. ఎంత వెతికినా ఖాళీ గది దొరకలేదు. చివరికి బీరువా వెనక మూలనే గదిగా గుర్తించి, దంపతులకు కేటాయించి, బీరువాని శాశ్వత గోడగా నమోదు చేసుకుని వెళ్లారు. (ఇకమీదట దాన్ని జరపాలంటే కూల్చివేత అనుమతి కావాలి.)

కోడలు అంతా విని అత్తగారి వైపు తిరిగింది.

"ఆ గోడ తాళాలు ఒకసారి ఇవ్వండి అత్తయ్యా. నా బట్టలు తీసుకోవాలి."

సాయంత్రానికి పుట్టింటికి వెళ్లిపోయింది. మోడల్ ప్రకారం మా వీధి మొత్తంలో అందరికన్నా సుఖంగా కాపురం చేసుకుంటున్న జంట వాళ్లే.