కెనడాకు వేలిముద్ర, కోదాడలో దావత్

కెనడాలో పని చేసుకోవడానికి పర్మిట్ తొందరగా రాకూడదు! ఎంత ఆలస్యమైతే దేశానికి అంత మేలు. తిట్టుకోకండి, పూర్తిగా చదివి అప్పుడు తిట్టండి.

మా వీధిలో చిరంజీవి ఉన్నాడు. మంచి వెల్డర్. కోదాడ హైవే పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. ఆ షెడ్డు మూతపడింది. కెనడాలో ట్రైలర్లు చేసే కంపెనీ ఒకటి రెండేళ్లకు పనిస్తానంది. ఇక ఆ దేశం సరే అనడమే మిగిలింది. ఆ మిగిలినదాంట్లోనే ఉంది మహాభాగ్యమంతా!

మొదటిది ఆరోగ్యం. జ్వరమొస్తే మాత్ర మింగి పడుకునే మనిషికి హైదరాబాద్‌లో ఎక్స్‌రే తీశారు, రక్తం పరీక్షించారు. ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయని ఇప్పుడు వీధంతటికీ తెలుసు. మీవి ఎలా ఉన్నాయో మీకు తెలుసా?

రెండోది సంస్కారం. సూర్యాపేటలో ఇంగ్లీషు కోచింగ్‌కు వెళ్లొస్తున్నాడు. దారికి అడ్డమొచ్చిన బర్రెతో కూడా ఎక్స్‌క్యూజ్ మీ అంటున్నాడు. బర్రె కదలడం లేదనుకోండి, అది దాని పెంపకం!

ఇక వేలిముద్రలకు పిలుపొచ్చింది. ఇచ్చొచ్చాడు. ఆ సాయంత్రమే వాళ్ల మేనమామ మైసయ్య తీర్పు చెప్పేశాడు.

"ఒక్క వేలు పెడితేనే రేషన్ షాపుల బియ్యం పోస్తరు. వాళ్లు పది వేళ్లు తీస్కున్నరు. ఇగ పర్మిట్ ఆగుతదా?"

ఇంతటి లాజిక్‌కు ఎదురు చెప్పేదెవరు? చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. మంచుకొండల ముందు కోటు తొడుక్కున్న చిరంజీవి, కింద చుట్టాలందరి ఫొటోలు. వీడ్కోలు దావత్‌లో మటన్ అద్భుతం. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆఖర్న శాలువా కప్పి ఏడ్చాం కూడా.

నెలలు గడిచాయి. ఎండకు ఫ్లెక్సీలో మంచు పసుపు రంగుకు తిరిగింది. "ఇంకా పోలేదా?" అని అడగని మనిషి లేడు. పాపం, చిరంజీవి చౌరస్తా మానేసి వెనక సందులోంచి తిరుగుతున్నాడు. తనను ఎరిగినవాళ్లు లేని మిర్యాలగూడకు పోయి, రైస్ మిల్లుల్లో దొరికినరోజు రిపేర్లు చేసుకుంటున్నాడు. కెనడా పుణ్యమా అని మిర్యాలగూడకు మంచి వెల్డర్ దొరికాడా లేదా?

మొన్న జవాబొచ్చింది. కుదరదన్నారు. సొంతూళ్లో స్థిరమైన పని లేదు, ఆస్తి లేదు, కాబట్టి గడువు తీరాక తిరిగి వెళ్తాడని నమ్మకం లేదట. చిరంజీవి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మైసయ్య మాత్రం, మళ్లీ అప్లై చేద్దాం, ఫ్లెక్సీ కడిగితే పనికొస్తుందన్నాడు. ఆయన ధైర్యానికి దండం పెట్టాలి. దావత్ కూడా మళ్లీ పెట్టాల్సిందేనని నేను గట్టిగా సమర్థించాను.

చిరంజీవి భార్య నవనీత నవ్వలేదు. నావైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"ఈడ పనుంటే గాడికెందుకు పోతడు సార్?"

పర్మిట్ ఆలస్యం వల్ల కలిగే లాభాలు ఇంకా చాలానే రాసుకొచ్చాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

ఏమైనా కెనడా ఆఫీసరును మెచ్చుకోవాలి. సముద్రాల అవతల కూర్చుని, కోదాడలో చిరంజీవికి పని లేదని ఇట్టే కనిపెట్టాడు. ఇక్కడే కూర్చున్న మన పెద్దలకు ఆ సంగతి తెలియాలంటే ఎన్ని వేళ్లు పెట్టాలో, కాస్త ఎవరైనా చెప్పండి!