స్నానాల గదిలో టేకు బీరువా

స్నానాల గదిలో స్నానం చెయ్యడమంత మోటు పని ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

నవ్వకండి! మనిషి చంద్రుడి మీద కాలు పెట్టి వచ్చిన ఈ సంవత్సరంలో కూడా మీరు చెంబు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి, నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుని, తడికాళ్ళతో బయటికి వస్తున్నారంటే మీ గురించి నేనేమనుకోవాలి? స్నానాల గది ఉన్నది స్నానానికా? చూసుకోడానికి! నలుగురికీ చూపించుకోడానికి!

ఈ జ్ఞానం నాకు వాల్తేరులో కలిగింది. నేను చీపురుపల్లి సమితి ఆఫీసులో హెడ్డు గుమాస్తాని. మా పెద్దమ్మ కొడుకు గణపతిరావు వాల్తేరులో ఇంజనీరు. కిందటేడు వాళ్ళ క్వార్టర్సుకి వెళ్ళి, భోజనమయ్యాక చేతులు కడుక్కుంటానంటే ఒక గదిలోకి తీసుకెళ్ళాడు. గోడకి పెద్ద అద్దం. అద్దం కింద తెల్లటి పింగాణీ బేసిను. బేసిను కింద నిగనిగలాడే బీరువా, దానికి ఇత్తడి పిడుల సొరుగులు. పంపు తిప్పితే నీళ్ళు! అంటిన పప్పు ఒక్కసారికే పోయినా, నేను మూడుసార్లు కడుక్కున్నాను.

"దీన్ని వానిటీ కేబినెట్టంటార్రా తమ్ముడూ. అమెరికా పత్రికలో బొమ్మ చూసి చేయించాను" అన్నాడు గణపతిరావు.

ఇంటికొచ్చి డిక్షనరీ తీశాను. వానిటీ అంటే వట్టి డంబం, పనికిరాని గర్వం అని ఉంది. అచ్చుతప్పు పడి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

మా స్నానాల గది దొడ్లో ఉంటుంది, నూతికి దగ్గరగా. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఒక మూల సిమెంటు గాబు, మిగతా జాగాలో నాపరాయి బండ. ఒక తలుపు, దానికి లోపల గడియ. ఇంతే! ఇలాంటి గదిలో ఇరవై ఏళ్ళు స్నానం చేసినందుకు సిగ్గుపడి, వడ్రంగి అప్పలసూరికి కబురు పెట్టాను.

అప్పలసూరి గదిని రెండుసార్లు కొలిచాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు.

"బాబూ, గది ఎడల్పు నాలుగడుగులు. బీరువా లోతు రెండడుగులు గావాలంటన్నారు. మనిసెక్కడ నిలబడతాడు?"

"బేసిను ముందు."

"అది మొకం కడుక్కోడానికి. తానానికో?"

మోటు మనిషి! వాడికి నాగరికత గురించి అరగంట సేపు చెప్పాను. వాడు బీడీ కాల్చుకుంటూ ఓపిగ్గా విని, "తవరి గది, తవరి కర్ర. నాకేటి?" అని బాడిస పట్టుకున్నాడు.

బీరువాకి అడ్డమని గాబు పగలగొట్టించాను. మా ఆవిడ తాయారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"గాబు లేకపోతే నీళ్ళెక్కడ పోస్తామండీ?"

"పైకప్పు మీద డ్రమ్ము పెట్టిస్తాను. పంపు తిప్పితే నీళ్ళు."

"డ్రమ్ములోకి నీళ్ళెలా ఎక్కుతాయి?"

ఆడవాళ్ళకి ఇంజనీరింగు అంత తొందరగా ఎక్కదు.

నెల తిరిగేసరికి బీరువా సిద్ధమైంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, అసలైన టేకు! నాలుగు సొరుగులు. ఒకటి గడ్డం సామానుకి, ఒకటి సబ్బుకి, ఒకటి దువ్వెనకి. "నాలుగోది దేనికి బాబూ?" అన్నాడు అప్పలసూరి. "భవిష్యత్తుకి" అన్నాను.

ఒక్క చిన్న ఇబ్బంది వచ్చింది. బీరువా పెట్టాక తలుపు లోపలికి తెరుచుకోలేదు. తలుపు ఊడదీసి, బయటికి తెరుచుకునేలా తిప్పి బిగించాడు. దాంతో లోపలుండాల్సిన గడియ బయటికి వచ్చింది. లోపల ఇంకో గడియ పెట్టడానికి బీరువా మూల అడ్డం. అయితేనేం? దొంగతనం చేసేవాడు బయట నుంచే కదా వస్తాడు!

ఇక దాని ప్రయోజనాలు వినండి. ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఆమదాలవలసలో రైలు దిగి శ్రీకాకుళం వెళ్ళాల్సిన మా తోడల్లుడు నాలుగైదు స్టేషన్ల ముందే ఇక్కడ దిగిపోయి, బేసినులో చెయ్యి కడుక్కుని, మర్నాడు వెళ్ళాడు. పొద్దున్నే నేను పంపు తిప్పితే చాలు, నీళ్ళు జలజలా వచ్చేవి! వాల్తేరులో వచ్చినట్టే!

మా పనిమనిషి తవిటమ్మకి మాత్రం ఇందులో ఏ గొప్పా కనిపించలేదు. నూతిలో తోడి, బిందె చంకనెట్టుకుని, నిచ్చెనెక్కి డ్రమ్ములో పొయ్యడం ఆవిడ వంతు. బేసిను కింద గొట్టం దగ్గర బాల్చీ నిండితే పారబొయ్యడం కూడా.

"బాబూ, నాను నీల్లట్టుకుని పైకెక్కి పోత్తాను, తవరు కిందన తిప్పుకుంతారు. నానే తవరి పక్కన నిలబడి సెంబుతో ఒంచేత్తే పోదేటి?"

ఏభై ఏళ్ళ మనిషి. సైన్సు చదువుకోలేదు.

మరి స్నానాలో? మగవాణ్ణి, నాకేం? తువ్వాలు కట్టుకుని నూతిగట్టు మీద నాలుగు బాల్చీలు పోసుకునేవాణ్ణి, హాయిగా. తాయారు ఎక్కడ చేస్తోందో నేను అడగలేదు. నాగరికులు అలాంటి ప్రశ్నలు వెయ్యరు. కాకులు లేవకముందే లేస్తోందని మాత్రం గమనించాను. ఆరోగ్యానికి మంచిదే కదా!

ఇలా ఉండగా మా అమ్మాయి నీలవేణి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం రోజున, తల్లికీ బిడ్డకీ నీళ్ళు పొయ్యడానికి అసిరమ్మ వచ్చింది. మా వీధిలో సగం మంది పసిపిల్లలకి నీళ్ళు పోసింది ఆవిడే. బండ మీద కూర్చుని, రెండు కాళ్ళూ బారజాపి, పసిగుడ్డుని కాళ్ళమీద పడుకోబెట్టుకుని రుద్దాలి.

అసిరమ్మ తలుపు తీసి లోపలికి చూసింది. నా వైపు తిరిగింది.

"బాబూ, నా కాల్లెక్కడ సాపమంతావు? సొరుగులోనా?"

చివరికి నూతి వెనక, గోడ వారగా పీట వేశారు. తాయారు ఒక చీర, తవిటమ్మ ఒక చీర అడ్డం పట్టుకున్నారు. పొద్దున్న తొమ్మిదైంది. గాలి విసురుగా ఉంది. బిడ్డకి నీళ్ళు పోసి, పొత్తిళ్ళలో చుట్టి లోపలికి పంపి, నీలవేణికి ఒళ్ళంతా పసుపు పట్టించి కాగులోంచి వేడినీళ్ళు ముంచుతోంది అసిరమ్మ.

సరిగ్గా అప్పుడే దొడ్డి గుమ్మంలోంచి మా ఆఫీసరు నారాయణమూర్తి గారిని వెంటబెట్టుకుని నేను ప్రవేశించాను.

బీరువా చూడ్డానికి రమ్మని వారం నుంచి బతిమాలుతుంటే ఆయనకి ఆ పూట తీరింది. ఇంట్లో చెప్పడం మరిచిపోయాను. అసలు మరిచిపోవడం కూడా కాదు, చెప్పాలని తోచనే లేదు.

తాయారు కెవ్వుమంది. నీలవేణి ఒంటికి చుట్టుకున్న తడిబట్టతో, దొడ్లో ఉన్న ఒకే ఒక్క గదిలోకి పరుగెత్తింది. లోపల దబ్బుమని చప్పుడైంది. తలుపు దగ్గరికి పడింది గానీ, కొంచెం కొంచెం ఊగుతోంది. లోపలినుంచి ఎవరో చేత్తో పట్టుకుని లాగుతున్నట్టు.

ఆఫీసరు గారు నా వెనకాల ఉన్నారు, ఆయనకి నుయ్యి అడ్డం. ఏమీ చూడలేదు. నేను చూశాను. చూసి కూడా ఏం చేశానో తెలుసా? ఆయన్ని ఆ తలుపు ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టి, "అసలైన టేకండి! నాలుగు సొరుగులండి!" అని మొదలుపెట్టాను. నోరు అలవాటుపడిపోయింది, ఏం చెయ్యను?

"ఏదీ, ఓసారి చూడొచ్చా?" అని ఆయన తలుపు మీద చెయ్యి వేశారు.

తాయారు వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. ఆవిడ భుజం మీద సగం తడిసిన చీర. పాతికేళ్ళలో పరాయి మగవాడి ముందు గొంతెత్తగా నేను వినలేదు.

"చూడ్డానికి లేదండి. లోపల నా కూతురుంది. పురిటి స్నానం చేస్తోంది. గడియ లేదు."

నారాయణమూర్తి గారి మొహం కందగడ్డయింది. నా వైపు ఒక్కసారి చూశారు. ఆ చూపులో పై అధికారి లేడు, ఇద్దరాడపిల్లల తండ్రి ఉన్నాడు. "క్షమించమ్మా" అని తాయారుకి దణ్ణం పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

నీలవేణి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. సొరుగు ఇత్తడి పిడి తుంటికి కొట్టుకుని నల్లగా కమిలిపోయింది. అసిరమ్మ దాని తల తుడుస్తూ, "ఏడవకే తల్లీ, పచ్చి ఒల్లు. సలిగాలి తగులుతాది" అంటోంది.

నేను నూతిగట్టు మీద కూర్చున్నాను. ఎటు తిరిగి చూసినా ఎవరో ఒకరు పనిలో ఉన్నారు, నా వైపు చూసే తీరిక ఎవరికీ లేదు.

మధ్యాహ్నం అప్పలసూరి వచ్చాడు. కబురు పెట్టింది నేను కాదు. బీరువా ఊడదీసి వీధి వసారాలో పెట్టాడు. తలుపు మళ్ళీ లోపలికి తిప్పి, గడియ బిగించి, లోపలికెళ్ళి వేసి, తీసి, మళ్ళీ వేసి చూశాడు. "సూడమ్మా" అన్నాడు తాయారుతో. తాయారు కూడా లోపలికెళ్ళి వేసి చూసుకుంది. చాలాసేపు తియ్యలేదు.

ఇంత జరిగినా వానిటీ కేబినెట్టు గొప్ప వస్తువనే నా వాదం. ఎందుకంటారా? నిన్న పక్కవీధి జగన్నాధం వచ్చాడు. వసారాలో బీరువా చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, పిడులు నిమిరి, తనకి ఇచ్చెయ్యమన్నాడు. వాళ్ళ స్నానాల గది మాదానికన్నా జానెడు చిన్నది.

"ఇంట్లో అడిగావా?" అన్నాను.

"మా తమ్ముడికి చెప్పానండి."

"అది కాదయ్యా. మీ ఇంట్లో రోజూ నీళ్ళెవరు మోస్తారు?"

జగన్నాధం తెల్లబోయాడు. ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం.

"నీళ్ళా? ఉంటాయి కదండీ!" అన్నాడు.