నాకూ రేచీకటి

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఈ సంగతి మా ఆవిడ చంద్రిక దగ్గర మాత్రం ఎత్తకండి.

మూడేళ్ళుగా వానల్లేని కాలం అది. యాడికి అనే ఊరి నుంచి ఆమె తమ్ముడు వెంకటేశులు రేచీకటితో మా గార్లదిన్నెకు దిగాడు. పొద్దు వాలితే వాడికి గడప కూడా కనబడదు. డాక్టరు మేక కార్జం పెట్టమన్నాడట. పన్నెండేళ్ళుగా నాకు సంగటి, చెనక్కాయల ఊరిమిండి పచ్చడి వేసిన ఇంట్లో రోజూ కార్జం వేపుడు మొదలైంది. వాడికి కార్జాల వెంకటేశులని పేరు పెట్టాను, మనసులోనే.

కార్జం సంగతి వదిలేయండి. సాయంత్రమైతే ఆమె వాడి చెయ్యి పట్టుకుని వీధిలో నడిపించేది. నా చెయ్యి ఆమె పట్టుకున్నది పెళ్ళిలో, అదీ పురోహితుడు చెబితే. కుళ్ళు అంటారా? కుళ్ళే.

నేనూ ఆస్పత్రికి పోయాను. చంద్రిక వెంట వచ్చింది.

"లేచి నిలబడితే కళ్ళకు చీకట్లు కమ్ముతాయా, పొద్దు గూకినాక కనపడదా?" అని అడిగాడు డాక్టరు. "మొదటిదైతే రక్తం తక్కువ, టానిక్కు రాస్తా. రెండోదైతే రేచీకటి."

"రెండోదే సార్," అన్నాను. టానిక్కు తాగేవాడి చెయ్యి ఎవరు పట్టుకుంటారు?

ఆ సాయంత్రం కావాలనే గడపకు తట్టుకున్నాను. చంద్రిక నన్ను కూర్చోబెట్టి కంచం పెట్టింది.

"కార్జం ఏసినా, తిను."

చూస్తే ఊరిమిండి. కార్జమంతా ఎదురుగా వెంకటేశులు కంచంలో ఉంది. అడుగుదామంటే, నీకెట్లా కనపడిందంటుంది.

"బాగుండాదా?"

"మెత్తగుండాది," అని మింగాను.

వారానికి వెంకటేశులుకు చూపు వచ్చింది. ఇక ఆ చెయ్యి నాదేనని సంబరపడ్డాను.

"చంద్రికా, పొద్దు గూకింది, అంగడి దాకా పోవల్ల. చెయ్యి పట్టుకో."

"నాకు పొయ్యి కాడ పనుండాది. ఒరే వెంకటేశులూ, మీ బావను పిల్చుకపో. చెయ్యి మాత్రం ఇడ్సొద్దు."

వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని వీధిలో నడిపించాడు. రామప్ప హోటలు ముందు టీ తాగేవాళ్ళంతా గ్లాసులు దించి చూశారు.

"ఈడ రాయుండాది బావా, పైలం."

"నువ్వు ఊరికి ఎప్పుడు పోతావురా?"

"నీకు నయమయ్యేదాకా ఉండమనింది అక్క. ఆర్నెల్లైనా ఉంటా బావా."

అంగడి చేరకముందే నాకు పూర్తిగా నయమైపోయింది.