నమూనా కుళాయి

మా పట్టణపు తాగునీరు ఈ ఏడాది ఉత్తమ నీరుగా ఎంపికైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ నీరు తాగి కాళ్లు వంగినవాళ్లు కూడా ఈ ఆనందంలో పాల్గొనాలని మనవి. నిలబడలేనివారు కూర్చునే పాల్గొనవచ్చు.

ఈ ఘనతకు మూలం కెమిస్టమ్మ. నీటి శాఖ ల్యాబులో ఆవిడకు ముందున్న కెమిస్టు బంగారంలాంటి మనిషి. సీసా మూత తీయకుండానే నీళ్లు బాగున్నాయని చెప్పగల దివ్యదృష్టి ఆయనది. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి వచ్చిన ఈవిడకు అంత ప్రతిభ లేదు. కూతురి పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి, అత్తగారి మోకాళ్ల మూలుగు విని, ఒకరోజు తమ వీధి కుళాయి నీళ్లు పట్టుకెళ్లి నిజంగానే పరీక్ష చేసేసింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడు నాలుగు దాటింది.

మున్సిపల్ చైర్మన్‌గారు ఆవిడను పిలిపించారు.

"ఎక్కడ పట్టారమ్మా ఈ నీళ్లు?"

"మా వీధి కుళాయిలోనండి."

"అదీ సంగతి! జనం తాగే కుళాయిలో పడితే మరి ఇలాగే ఉంటాయి!"

వెంటనే నిపుణుల సంఘం వేశారు. నిపుణులు సీసా నీళ్లు తాగుతూ సుదీర్ఘంగా చర్చించి, లోపం నీళ్లలో లేదనీ, పట్టిన చోటులో ఉందనీ తేల్చారు. ఆ ప్రకారం బడి వీధిలో పలకరాళ్ల గట్టు కట్టి, పైన రేకుల కప్పు వేసి, వెనక గదిలో నీళ్లు శుద్ధిచేసే యంత్రం బిగించి, నమూనా కుళాయి ఏర్పాటు చేశారు. ఇకపై పరీక్షకు నీళ్లు అక్కడే పట్టాలి.

"మన నీళ్లు ఎలాంటి పరీక్షకైనా సిద్ధం!" అని ప్రారంభోత్సవంలో చైర్మన్‌గారు గర్జించారు. "పరీక్ష తప్పే నీళ్లకు ఈ కుళాయిలో ప్రవేశం లేదు!"

చప్పట్లు మోగాయి. కెమిస్టమ్మ పరీక్ష చేసింది. నీళ్లు అమృతం. పైనుంచి ప్రశంస వచ్చింది.

అంతా సవ్యంగా ఉండగా, గట్టు పక్కనున్న టీకొట్టు ఆవిడ ఆ నీళ్లతో టీ కాచింది. టీకి రుచి వచ్చింది. మర్నాటికి కుళాయి ముందు బిందెల బారు తయారైంది. నీటి శాఖ ఇంజినీరు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఇవి తాగే నీళ్లు కావండీ బాబూ, పరీక్ష నీళ్లు! మీరు పట్టుకుపోతే పరీక్షకేం మిగుల్తాయి?"

కెమిస్టమ్మ ఇక ఉండబట్టలేక కుళాయి గట్టు మీదికి ఎక్కింది.

"తాగాల్సినవి ఇవేనండీ. మీ ఇళ్లకొచ్చేవి తాగితే పిల్లల ఎముకలు వంగిపోతాయి. ఇలాంటి యంత్రమే పెద్దది ట్యాంకు దగ్గర పెడితే అందరికీ ఇవే నీళ్లొస్తాయి. వెళ్లి అడగండి!"

జనం ఒక్కసారిగా హోరెత్తి, బిందెలతో సహా చైర్మన్ ఆఫీసుకు బయల్దేరారు. కెమిస్టమ్మకు కళ్లు చెమర్చాయి. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది.

మర్నాడు పిలుపు రానే వచ్చింది. చైర్మన్‌గారు లేచి మరీ కుర్చీ చూపించారు.

"ప్రజల్లో చైతన్యం తెచ్చారమ్మా! బడి వీధివాళ్లు నిన్ననే వచ్చారు. పక్క వీధులవాళ్లు తమ కుళాయి మీద పడుతున్నారట. తాళం వేయించాను."

"మిగతా వీధులవాళ్లు?"

"వాళ్లూ వచ్చారు. తాళంచెవి అడుగుతున్నారు."

"మరి ట్యాంకు దగ్గర యంత్రమండీ?"

"నేను పెట్టనన్నానా? ఎవరో ఒకరు అడగాలిగా! వరండాలోనే ఉన్నారు, మీరే కనుక్కోండి."

వరండాలో వరసకట్టి ఉన్నారు. రిటైరైన మాస్టారు ముందున్నారు.

"ట్యాంకు సంగతి నిదానంగా చూద్దాంలే అమ్మా. ముందు నాకో తాళంచెవి ఇప్పించు."

వెనకున్న టైలరు ఆశ్చర్యపోయాడు. "అందరికీ వస్తే ఇంక మనకేంటండీ గొప్ప?"

ఒక్కొక్కరినీ అడుగుతూ చివరిదాకా వెళ్లింది. వరస చివర మనవరాలి చెయ్యి పట్టుకుని అత్తగారు నిలబడి ఉంది.

"మీరిక్కడేంటి అత్తయ్యా?"

"నీకేం తల్లీ, లోకాన్ని ఉద్ధరిస్తావు. అందాకా పిల్ల నోట్లో ఏ నీళ్లు పొయ్యమంటావ్? చైర్మన్‌గారి తోడల్లుడు మనకు దూరపు చుట్టం. మాట చెప్పించాను. నువ్వు మాత్రం నోరెత్తకు."

కెమిస్టమ్మ ఏదో అనబోయింది.

"దాహమేస్తోందమ్మా" అంది పిల్ల.

ఆవిడ కూతురి తల నిమిరింది. చైర్మన్ గది వైపు చూసింది. తర్వాత తల వంచుకుని అత్తగారి వెనక నిలబడింది.

ఆవిడ వెనక నేనున్నాను. మీరు కాస్త ఆలస్యంగా వచ్చారు. గేటు బయట నిలబడండి, తోసుకోకండి.